ఫార్మాట్ కొట్టే ముందు

డెస్క్‌టాప్ హ్యాంగ్ అయితే మన హాస్టళ్లలో వినిపించే సలహా ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేయ్ మామా." ర్యామ్ పోయినా అదే, ఫ్యాన్ ఆగినా అదే, వైరస్ వచ్చినా అదే. జ్వరమో, కాలు విరిగిందో చూడకుండా అందరికీ ఒకటే సూది వేసే డాక్టర్ దగ్గరికి మనం పోము. కానీ సిస్టమ్ దగ్గరికి వచ్చేసరికి, సీఎస్ఈ చదివే మనమే ఆ డాక్టర్లం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఫార్మాట్ అనేది ఆఖరి పని కావాలి, మొదటి పని కాదు. అది తప్పు ఎక్కడుందో చెప్పదు. పైగా చెప్పగలిగే ఆధారాలన్నీ తుడిచేస్తుంది.

ఆధారాలా అంటారేమో. ఉంటాయి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, సిస్టమ్ ఎప్పుడు ఏమైందో టైమ్‌తో సహా రాసి ఉంటుంది. అక్కడ 'కెర్నెల్ పవర్ 41' కనిపించగానే పవర్ సప్లై పోయిందని డిసైడ్ అయిపోతారు చాలామంది. ఆ నంబర్‌కు అర్థం సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. స్టక్ అయ్యాక మనమే బటన్ నొక్కి ఆపినా అదే వస్తుంది. దానికి ముందున్న లైన్లు చదవాలి. అక్కడ డిస్క్ పేరుతో 7 ఉంటే బ్యాడ్ బ్లాక్, 153 ఉంటే డిస్క్‌ను అడిగిన పని మళ్లీ అడగాల్సి వచ్చిందని. ఫార్మాట్ కొడితే ఈ డైరీ మొత్తం పోతుంది.

అసలు 'హ్యాంగ్' అనే ఒక్క మాటలో మూడు నాలుగు వేర్వేరు రోగాలు దాక్కుంటాయి. స్క్రీన్ ఆగిపోయినప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. లైట్ వెలిగి ఆరుతుంటే సిస్టమ్ ఇంకా బతికే ఉంది, ఏదో ప్రోగ్రామో డ్రైవరో ఇరుక్కుంది. లైట్ కూడా కదలకపోతే ర్యామ్, వేడి, ఎస్ఎంపీఎస్, బోర్డు వైపు అనుమానం పోవాలి. అరనిమిషం ఆగి మళ్లీ తనంతట తానే కదిలితే ముందు డిస్క్‌ను చూడాలి. గేమ్ ఆడేటప్పుడో, కోడ్ కంపైల్ అయ్యేటప్పుడో మాత్రమే ఆగితే ముందు వేడి చూడాలి, తర్వాత పవర్.

చేవెళ్లలో మాకు తెలిసిన ఒక నెట్ సెంటర్ ఉంది. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల టైమ్‌లో చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు అక్కడికే వస్తారు. ఆ సిస్టమ్ అరనిమిషం పాటు స్టక్ అయి మళ్లీ కదిలేది. ఆప్షన్లు సేవ్ కొట్టేలోపు ఆగిపోతే ఆ పిల్లల గుండె కూడా ఆగినంత పని. ఓ షాపులో రెండుసార్లు ఫార్మాట్ చేశారు. మొదటిసారే కస్టమర్ల పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, అప్లికేషన్ల ఫోల్డర్ మొత్తం పోయింది. హ్యాంగ్ మాత్రం పోలేదు.

మేము వెళ్లి ముందు ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశాం. డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు మొదటి పని ఇదే. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచాం. స్టక్ అయినప్పుడు డిస్క్ 100 శాతం బిజీ అని చూపిస్తోంది, కానీ చదివే స్పీడ్ దాదాపు సున్నా. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పాడైన సెక్టార్ల లెక్క సున్నా. సీ7 అనే లైన్ మాత్రం పొద్దున చూసినదానికి సాయంత్రానికి పెరిగింది. డిస్క్‌కు, బోర్డుకు మధ్య డేటా దారిలో చెడిపోతోందని దాని అర్థం. డిస్క్ మంచిదే. సాటా కేబుల్ మార్చాం, అంతే. సీ7 లెక్క మళ్లీ సున్నాకు రాదు, కానీ ఆ రోజుతో పెరగడం ఆగింది.

మరి ఫార్మాట్ తర్వాత కొన్ని రోజులు బాగానే ఎందుకు నడిచింది? సీపీయూను షాపుకు మోసుకెళ్లేటప్పుడు కేబుళ్లు పీకుతాం, వచ్చాక మళ్లీ పెడతాం. మూత తీస్తారు, దుమ్ము ఊదుతారు. వదులుగా ఉన్న కనెక్షన్ కొంచెం బిగుసుకుంటుంది. పేరు మాత్రం ఫార్మాట్‌కు వస్తుంది. ఒకేసారి నాలుగు పనులు చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. అందుకే ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ర్యామ్ రెండు ఉంటే ఒకటి తీసి నడపాలి, తర్వాత రెండోది. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ లైవ్‌లో నడిపి చూడాలి. అక్కడా ఆగిపోతే తప్పు దాదాపు హార్డ్‌వేర్‌దే, విండోస్‌ను తిట్టి లాభం లేదు.

ఈ పొరపాటు మన దగ్గరే కాదు, ప్రపంచమంతా ఉంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని గేముల మధ్యలో క్రాష్ అయ్యేవి. స్క్రీన్ మీద 'వీడియో మెమరీ సరిపోలేదు' అని వచ్చేది. పాపం, జనం గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. ప్రాసెసర్‌కు అవసరానికి మించి వోల్టేజ్ వెళ్తోందని 2024లో తేలింది. ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను మాత్రం ఆ అప్‌డేట్ బాగు చేయలేదు. ఎన్ని ఫార్మాట్లు కొడితే మాత్రం ఏం లాభం?

మన మొయినాబాద్, చేవెళ్ల వైపు ఇంకో కోణం కూడా ఉంది. ఊళ్లో బోరు మోటార్లు స్టార్ట్ అయినప్పుడు ఇంట్లో లైట్లు డిమ్ అవుతాయి కదా, ఆ దెబ్బ సిస్టమ్‌కూ తగులుతుంది. యూపీఎస్‌లో బ్యాటరీ మూడేళ్లు దాటితే అది పేరుకే యూపీఎస్. రోడ్డు పక్క షాపుల్లో ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది. ఎండాకాలం ఆ దుప్పటి కప్పుకున్న ప్రాసెసర్ ఎంతసేపు నిలబడుతుంది?

"మనం సాఫ్ట్‌వేర్ వాళ్లం, మనకెందుకు స్క్రూడ్రైవర్" అని కొందరు అంటారు. రేపు జాబ్‌లో సర్వర్ స్టక్ అయితే మనల్ని అడిగే ప్రశ్న కూడా ఇదే: కారణం ఏంటి? అక్కడ ఫార్మాట్ కొట్టేస్తా అంటే ఊరుకోరు. టైమ్ లేదు అనే మాటలో మాత్రం నిజం ఉంది. రేపు పొద్దున సబ్మిషన్ ఉంటే ఎవరూ రాత్రంతా ర్యామ్ టెస్ట్ పెట్టుకుని కూర్చోరు. వైరస్ బాగా పాకినప్పుడు, విండోస్ ఫైళ్లే చెడిపోయినప్పుడు ఫార్మాటే సరైన మందు. కానీ అది కారణం తెలిశాక వాడే మందు.

ఫస్టియర్ ఐటీ వర్క్‌షాప్‌లో సీపీయూ విప్పి బిగించడం నేర్చుకుంటాం, విండోస్, లైనక్స్ ఎక్కించడం నేర్చుకుంటాం. బాగున్న సిస్టమ్‌ను విప్పి బాగున్నట్టే బిగిస్తే మార్కులు వస్తాయి. చెడిపోయిన దాన్ని ముందు పెట్టి "ఏమైందో కనుక్కోండి" అంటే కదా అసలు చదువు! ప్రతి బ్యాచ్‌కూ ఒక్క పాడైన సిస్టమ్ ఇవ్వండి. వైవాలో "ఎలా కనుక్కున్నావు" అని అడగండి.

ఇంకో చిన్న కోరిక. చిలుకూరు బాలాజీ గుడిలో కార్డు మీద టిక్కులు పెట్టుకుంటూ 108 ప్రదక్షిణలు తప్పకుండా లెక్కపెడతాం. సిస్టమ్ వారంలో ఎన్నిసార్లు ఆగిందంటే మాత్రం ఎవరికీ తెలియదు. ల్యాబ్‌లో ప్రతి సిస్టమ్‌కూ ఒక నోట్‌బుక్ వేలాడదీద్దాం. తేదీ, టైమ్, అప్పుడు ఏం నడుస్తోంది, క్యాప్స్ లాక్ లైట్ వెలిగిందా లేదా, తర్వాత ఏం మార్చాం. ఐదు ముక్కలు చాలు. మన ల్యాబ్ రికార్డులు సీనియర్ల నుంచి కాపీ కొట్టొచ్చు. ఈ ఒక్క రికార్డు మాత్రం ఎవరి దగ్గరా దొరకదు, మనమే రాయాలి.