ముద్ద దిగనప్పుడు

ఈసారి మా ఇంటి సంగతే చెప్తాను.

మా మేనమామది నాందేడ్ జిల్లా నాయ్‌గావ్. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ప్రాంతం. బజారులో మరాఠీ, మామయ్య ఇంట్లో తెలుగు. కిందటి దీపావళికి వెళ్ళినప్పుడు మామయ్య జొన్నరొట్టె పాలలో నానబెట్టుకుని రెండు ముక్కలు తిని లేచారు. అడిగితే, "ఐదు నెలల సంది ముద్ద దిగుతలేదు బిడ్డా. నీళ్ళు తాగితే పోతది" అన్నారు. అత్తయ్యకు మాత్రం పంటి నొప్పి అని చెప్పారట!

పండుగ కాగానే నాందేడ్ తీసుకెళ్ళి ఎండోస్కోపీ చేయించాం. అన్నవాహికలో కాన్సర్ అన్నారు.

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల గొట్టం. బాగా సాగుతుంది. అందుకే గట్టి ఆహారం అడ్డుపడే నాటికి కణితి చాలాసార్లు పెద్దదై ఉంటుంది. పొగాకు, సారా, వక్క దీనికి దారితీస్తాయి. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు కూడా బహుశా కారణమేనని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. మామయ్యకు తంబాకూ, పొగలు కక్కే చాయ్ రెండూ అలవాటే.

బయాప్సీ రిపోర్టులో, కణితిలో లింఫోసైట్లు దట్టంగా ఉన్నాయని ఒక వాక్యం ఉంది. మామయ్య కొడుకు అది పట్టుకుని, "వదినా, ఇది మంచిదేనా? నాయన బతుకుతడా?" అని అడిగాడు. ముప్పై ఏళ్ళు పాథాలజీ ల్యాబులో పనిచేసినదాన్ని కనుక నన్నే అడిగాడు.

లింఫోసైట్లు రక్తంలోని తెల్లకణాల్లో ఒక రకం. రంగు వేసిన పలుచని పొరను మైక్రోస్కోపులో చూస్తే గులాబీ గుడ్డ మీద ఆవాలు చల్లినట్టు కనిపిస్తాయి. వీటిలో సిడి8 అనే టి-కణాలు కాన్సర్ కణాలను చంపగలవు. సిడి4 రకం చాలావరకు వాటికి సాయపడతాయి. కణితిలోకి చొరబడిన సిడి8 కణాలు ఎక్కువగా ఉన్న రోగులు మెరుగ్గా బతికారని 2001లో జర్మనీ వైద్యులు రాశారు. రెండు రకాలూ ఉన్నవారికే ఎక్కువ మేలు జరిగిందని 2003లో జపాన్ వైద్యులు చెప్పారు.

మరి అన్ని కణాలుండీ కణితి ఎలా పెరిగింది? కాన్సర్ కణాలు టి-కణాల మీద ఉండే పిడి-1 అనే బ్రేకును నొక్కి పట్టగలవు. దాన్ని 1992లో కనుగొన్న తసుకు హొంజోకు, అలాంటి మరో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ అలిసన్‌కు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ బ్రేకును వదిలించే మందు నివొలుమాబ్. కీమో, రేడియేషన్, ఆపరేషన్ అయ్యాక కూడా తీసిన భాగంలో కాన్సర్ మిగిలి ఉన్న 794 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. సగం మందిలో జబ్బు తిరగబెట్టడానికో, మరణానికో పట్టిన కాలం మందు లేనివారిలో 11 నెలలైతే, మందు తీసుకున్నవారిలో 22.4 నెలలు. మందు ఖరీదైనదే. అందరికీ పనిచేయదు కూడా.

అందుకే మా మరిదితో ఇలా అన్నాను: "అది మంచి మాటే, కానీ హామీ కాదు. వందల మందిని కలిపి చూస్తే తేలిన సంగతి. ఒక్క మనిషి సంగతి ఆ వాక్యం చెప్పలేదు. జబ్బు ఎంత ముదిరింది, మందులకు ఎలా లొంగింది అన్నవే ముందు చూడాలి." ఎవరో తెచ్చిచ్చిన 'శక్తి పెంచే పొడి' కూడా పక్కన పెట్టించాను. ఏ పొడి తిన్నా ఆ కణాలు కణితిలోకి చేరతాయనడానికి రుజువు లేదు.

మామయ్యకు కీమో, రేడియేషన్, ఆపరేషన్ మూడూ అయ్యాయి. ఇప్పుడు మెత్తని అన్నం కొంచెం కొంచెంగా తింటున్నారు. పరీక్షలు ఇంకా జరుగుతున్నాయి. ఆ ఆవగింజల మీద నాకూ ఆశ ఉంది. ఆ ఐదు నెలలు తలచుకుంటే మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ముద్ద మింగడానికి నీళ్ళు తాగుతున్నారేమో ఈ రాత్రి భోజనాల దగ్గర చూడండి. రెండు మూడు వారాలుగా అలా ఉంటే పంటి నొప్పి అన్నా నమ్మకండి. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

వచ్చే సంచికలో కలుద్దాం.