పాలు, గుడ్డుతో పాటు మాట కూడా అందాలి



అంగన్‌వాడీ అనగానే మన నెల్లూరు జిల్లాలో ఇప్పటికీ గుర్తొచ్చేది పాలు, గుడ్లు, బాలామృతం. అవి కావాల్సిందే. కానీ మూడేళ్లలోపు బిడ్డకు తిండి ఎంత అవసరమో పలకరింపూ అంతే అవసరం. మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి తీర గ్రామాల్లోనూ, యానాది కాలనీల్లోనూ ఇంటింటికీ వెళ్లి బిడ్డను ఎలా పలకరించాలో తల్లిదండ్రులకు చేసి చూపించే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి.

ఇది మన నేల మీద రుజువైన పనే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఉమ్మడి నల్గొండ జిల్లాలో 60 గ్రామాలను ఎంచుకుని, ఊళ్లోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపింది. కొన్ని గ్రామాల్లో బిడ్డకు ఏం పెట్టాలో చెప్పారు. మరికొన్నింటిలో దాంతో పాటు బిడ్డ సైగలు కనిపెట్టి తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆటపాటలు కూడా నేర్పిన గ్రామాల పిల్లలు మామూలు అంగన్‌వాడీ సేవలు మాత్రమే అందినవాళ్ల కంటే మానసిక ఎదుగుదలలో ముందున్నారు. జమైకాలో 1986-87లో మొదలైన ఇలాంటి కార్యక్రమంలో, ఎదుగుదల కుంటుపడిన పిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, అటువంటి సాయం అందని పిల్లల కంటే 25 శాతం ఎక్కువగా తేలింది.

నేర్పాల్సింది పెద్ద విద్యేమీ కాదు. ఆరు నెలల బిడ్డ ‘ఊ’ అంటే తల్లి ‘ఏంది నాయనా, ఆకలైందా?’ అని అడిగి, ముఖంలోకి చూస్తూ కాసేపు ఆగాలి. బిడ్డ మళ్లీ ‘ఊ’ అంటే మళ్లీ బదులు చెప్పాలి. చేపలు ఆరబోస్తూ ‘ఇవి నెత్తళ్లు, ఇవి రొయ్యలు’ అని చూపించాలి. చేతిలో పెట్టిన సెల్‌ఫోన్ పాటలు పాడుతుందే గానీ బిడ్డ ‘ఊ’కు బదులివ్వదు. పట్టపు మత్స్యకారుల ఇళ్లలో తమిళం కలిసిన మాటైనా, యానాదుల యాసైనా, ఇంట్లో ఏది నడిస్తే అదే మాట్లాడాలి. పుస్తకాల భాష రాదని ఏ తల్లీ మాట్లాడకుండా ఉండిపోకూడదు. ఏడాది నిండినా పిలిస్తే తిరిగి చూడని బిడ్డ కనిపిస్తే, వినికిడి పరీక్షకు పంపడానికీ ఈ ఇంటి సందర్శనే దారి.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. కేంద్రం 2024లో ‘నవచేతన’ పేరిట మూడేళ్లలోపు పిల్లల కోసం 140 ఆటపాటల పట్టిక తెచ్చింది. ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి రావాలనే నియమమూ ఉంది. కొరవడింది తీరిక, శిక్షణ. కార్యకర్తలకు యాప్‌ల పని తగ్గించి, ఈ పనికి వేరుగా పారితోషికం ఇవ్వాలి. తల్లి చేపల అమ్మకానికో, రొయ్యల చెరువు పనికో వెళ్తే బిడ్డ ఉండేది అవ్వ దగ్గరే కాబట్టి, ఆమెనూ కూర్చోబెట్టి చెప్పాలి.

తండ్రుల సంగతి మరవకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల సముద్ర చేపల వేట నిషేధంలో మగవాళ్లు ఇంటి పట్టునే ఉంటారు. వలలు బాగుచేసుకునే చోటికే కార్యకర్తలు వెళ్లి వాళ్లతో మాట్లాడవచ్చు. వచ్చే వేట నిషేధం నాటికైనా తీర మండలాల్లో ఈ కార్యక్రమం మొదలుపెట్టాలని జిల్లా కలెక్టర్ గారిని, స్త్రీ శిశు సంక్షేమ శాఖను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా