చిత్తుగీత మానరాదు

మన పిల్లలు నేడు కొంగు బొమ్మను నేరుగా కంప్యూటరులోనే దిద్దుచున్నారు. సంతోషమే. కాని పెన్సిలు చిత్తు మానుట నాకు నచ్చలేదు. 1804 నాటి జకార్డు పద్ధతిలో ఒక్కొక్క పేకపోగుకు ఒక్కొక్క అట్ట. అట్టలన్నిటికి రంధ్రములు కొట్టించి, బెత్తెడు నేసిన పిమ్మట హంస మెడ కురచయని తోచిన ఏమి లాభము? కాగితముపై పది మెడలు గీచి చూడవచ్చును గదా! మగ్గమునకు కొత్త పరికరము చేయించువారికిని ఇదే మాట; కొయ్య కోయకముందు కాగితము చెడగొట్టుట మేలు.

మరొకటి. తీర్చిన బొమ్మ చూపినప్పుడు మా పెద్దమ్మ బాగున్నదని ఊరకుండెను. చిత్తు చూపగానే, "రెక్క ఇటు తిప్పరా" అని పెన్సిలు లాగుకొనెను. ఆ కొంగే అమ్ముడుపోయినది.

సంఘమువారు నమూనాలు కోరునప్పుడు చిత్తుకాగితములను గూడ తెమ్మనవలెను.