కూర్చునే చోటు

కొత్త ఊరు చూసి వచ్చిన మనిషిని అందరం ఏం చూశావనే అడుగుతాం. ఎక్కడ కూర్చున్నావు, దాహం వేస్తే కడుపునిండా నీళ్లు తాగగలిగావా, తాగాక ఎక్కడికి వెళ్లావు అని అడగం. ఆడవాళ్లం ఒకరినొకరం కూడా అడగం. కానీ ఒక ఆడమనిషి తెలియని ఊళ్లో దిగితే మొదటి గంటలోనే ఎదురయ్యే ప్రశ్నలివే. ఈ సంచికకు సంపాదకీయం రాయవలసిన రోజుల్లోనే నేను మొదటిసారి కోజికోడ్ వెళ్లి వచ్చాను. అందుకని ఈసారి సంపాదకీయం ఆ ప్రయాణం గురించే రాస్తున్నాను. అక్కడి నుంచి నేను మోసుకొచ్చిన సిగ్గు గురించి కూడా రాయాలి.

కోజికోడ్‌ను మనవాళ్లు కాలికట్ అనేవాళ్లు. నా తరం కార్యకర్తలకు ఆ పేరు కొత్త కాదు. 1990లో మహిళా ఉద్యమాల నాలుగవ జాతీయ సదస్సు అక్కడే జరిగింది. మా జిల్లా నుంచి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి నెలల తరబడి ఆ కబుర్లే చెప్పారు. నేను వెళ్లలేకపోయాను. అప్పటికి నా కూతురికి నాలుగు నెలలు. తర్వాతి సదస్సు 1994లో మన తిరుపతిలోనే కావడంతో పిల్లను వెంటబెట్టుకుని వెళ్లగలిగాను. కాలికట్ మాత్రం బాకీగా మిగిలిపోయింది. ఇన్నేళ్లకు, దుకాణాల్లో పనిచేసే స్త్రీల సమస్యల మీద చిన్న సమావేశం ఉందని అక్కడి మిత్రురాలు పిలిస్తే ఆ బాకీ తీర్చుకుందామని బయల్దేరాను.

పాలక్కాడులో బండి మారాను. అక్కడి నుంచి దారి పొడవునా కొబ్బరితోటలు, నిండుగా పారుతున్న నది, తడిసి నల్లబడిన పెంకుటిళ్లు. కోజికోడ్‌లో దిగేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. సముద్రపు ఊరి ఉక్క మనకు తెలియనిదేమీ కాదు. విశాఖలోనూ కాకినాడలోనూ పడేదే. అయినా నాలుగడుగులు వేసేసరికి చెమటకు జాకెట్టు ఒంటికి అంటుకుపోయింది. స్టేషను దగ్గర హోటల్లో భోజనానికి కూర్చుంటే గ్లాసులో గులాబీరంగు వేడినీళ్లు పెట్టారు. మలయాళంలో పతిముఖం అనే చెట్టు చెక్క వేసి కాచిన నీళ్లట. కేరళలో చాలాచోట్ల భోజనంతో అవే ఇస్తారట. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోంది. అయినా రెండు గుక్కలు తాగి గ్లాసు దించేశాను. సాయంత్రందాకా వీధుల్లో తిరగాలి. బాత్‌రూము ఎక్కడుందో తెలియదు.

ఈ లెక్క మనందరికీ వచ్చు. బస్సెక్కేముందు, ధర్నాకు వెళ్లేముందు, సర్వే కోసం ఊళ్లోకి దిగేముందు నీళ్లు మానెయ్యడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాం. నా మిత్రురాలు ఆ గ్లాసు వంక చూసి నవ్వింది. "తాగండక్కా. మీకు చూపించబోయే వీధిలో ఆడవాళ్ల పోరాటం ఈ నీళ్ల దగ్గరే మొదలైంది" అంది.

ఆ వీధి పేరు మిఠాయి తెరువు. మలయాళంలో తెరువంటే వీధి. మానాంచిర చెరువు పక్కన మొదలవుతుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో హల్వా దిమ్మలు అద్దాల వెనక మెరుస్తుంటాయి. పక్కనే కొబ్బరినూనెలో అరటికాయ చిప్స్ వేగుతుంటాయి. ఈ వీధి మనుషుల జీవితాలనే ఎస్.కె. పొట్టెక్కాట్ 'ఒరు తెరువింటె కథ' అనే నవలగా రాశాడు. 2017లో వీధిని బాగుచేసి, నడిచేవాళ్ల కోసం వాహనాలు ఆపారు. 2023లో యునెస్కో కోజికోడ్‌ను సాహిత్య నగరంగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి ఊరు అదే. ఊరు చూడటానికి వచ్చినవాళ్లకు ఇవన్నీ చెప్పేవాళ్లుంటారు. కౌంటరు వెనక నిలబడి ఆ హల్వా తూచేవాళ్ల గురించి, గుడ్డ చించేవాళ్ల గురించి చెప్పేవాళ్లుండరు.

ఆ వీధి దుకాణాల్లో, కుట్టు కొట్లలో పనిచేసే ఆడవాళ్లకు ఒకప్పుడు బాత్‌రూము వసతి లేదు. పొద్దున వచ్చినవాళ్లు రాత్రి ఇంటికి చేరేదాకా నీళ్లు ముట్టకుండా ఉండేవాళ్లు. ఇక తట్టుకోలేనప్పుడు దగ్గర్లోని హోటలుకు వెళ్లి, ఆకలి లేకపోయినా ఏదో ఒకటి కొనుక్కుని అక్కడి బాత్‌రూము వాడుకునేవాళ్లు. వచ్చే జీతంలో మూత్రానికి కూడా ఖర్చు! అలా బిగబట్టుకోవడం వల్ల వచ్చే జబ్బులు వేరే. అదే వీధిలో కుట్టుపని చేసుకునే పి. విజి తోటివాళ్లను కూడగట్టి 2009లో 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. పెణ్ అంటే ఆడమనిషి, కూట్టు అంటే తోడు. పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పి వాళ్లు మొదలుపెట్టలేదు. మూత్రానికి వెళ్లడానికి చోటు కావాలని మొదలుపెట్టారు.

అక్కడి నుంచి రెండో ప్రశ్న వచ్చింది. పది పన్నెండు గంటలు నిలబడే ఎందుకు పనిచెయ్యాలి? కొనేవాళ్లు లేని వేళ కూడా కూర్చోకూడదు, గోడకు ఆనుకోకూడదు అన్నది చాలా దుకాణాల్లో అలిఖిత చట్టం. కాళ్ల వాపులు, ఉబ్బిన నరాలు, నడుం నొప్పి అన్నీ ఇంటి రోగాలుగానే లెక్క. పనివల్ల వచ్చినవని ఎవరూ ఒప్పుకోరు. 'కూర్చునే హక్కు' అన్న మాట వినగానే నవ్వినవాళ్లున్నారట. కూర్చోవడం కూడా ఒక హక్కేనా అని! 2014 డిసెంబరు చివర థ్రిస్సూరులో ఒక పెద్ద బట్టల దుకాణం ముందు ఆడవాళ్లు మొదలుపెట్టిన సమ్మె వంద రోజులు దాటి సాగింది. ఆ సమ్మెకు వాళ్లు పెట్టుకున్న పేరే 'కూర్చునే సమరం'. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల, వాణిజ్య సంస్థల చట్టాన్ని సవరించింది. పని మధ్యలో వీలు దొరికినప్పుడల్లా కూర్చోవడానికి పనివాళ్లందరికీ సదుపాయం ఉండాలని అందులో చేర్చింది. అదే ఏడాది బీబీసీ వంద మంది స్త్రీల జాబితాలో విజి పేరు వచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇలాంటి సవరణే చేసింది.

ఒక్క మాట గమనించండి. పోరాడింది ఆడవాళ్లు. చట్టం మాత్రం పనివాళ్లందరికీ వర్తిస్తుంది. దుకాణంలో చీరలు మడతపెట్టే అబ్బాయికి కూడా ఆ స్టూలు దక్కింది. ఆడవాళ్ల సమస్యలంటూ మనల్ని ఒక మూలకు నెట్టేవాళ్లకు చెప్పవలసిన జవాబు ఇదే.

ఈ కథంతా వింటూ మేమొక బట్టల దుకాణంలోకి వెళ్లాం. లోపలికి అడుగు పెట్టగానే ఒక అమ్మాయి కుర్చీ లాగి నన్ను కూర్చోమంది. మధ్యాహ్నంనుంచీ తిరుగుతున్నానేమో, హాయిగా కూలబడ్డాను. ఆమె నిలబడి పంచెలు, చీరలు తీసి చూపించడం మొదలుపెట్టింది. పావుగంట గడిచాక గానీ నాకు తెలియలేదు, నేను కూర్చునే ఉన్నాను, ఆమె నిలబడే ఉంది. కౌంటరు వెనక నీలంరంగు ప్లాస్టిక్ స్టూలు కనిపిస్తోంది. దానిమీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. నా మిత్రురాలి చేత అడిగించాను, కూర్చోవచ్చు కదా అని. ఆ అమ్మాయి ముందు తలుపు వైపు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఎవరూ లేనప్పుడు కూర్చుంటాం చేచ్చీ. ఇదివరకు అదీ లేదు. పండగ రోజుల్లో మాత్రం పెట్టెలకే చోటు చాలదు." చేచ్చి అంటే అక్క.

ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది 2014లో నా కూతురి పెళ్లికి చీరలు కొన్న రోజు. 1990లో నన్ను కాలికట్ పోనివ్వని ఆ చంటిదే. మా బంధువులం ఏడుగురం మన ఊళ్లోనే ఒక పెద్ద దుకాణానికి వెళ్లాం. మెత్తటి పరుపుల మీద కూర్చోబెట్టారు, కూల్‌డ్రింకులు ఇచ్చారు. నాలుగు గంటలు కూర్చున్నాం. పాతికేళ్లు కూడా నిండని పిల్ల ఒకతి వందకు పైగా చీరలు విప్పింది, భుజానికి పట్టి చూపించింది, మళ్లీ మడతపెట్టింది. ఒక్కసారి కూడా కూర్చోలేదు. మంచినీళ్లు తాగినట్టు కూడా నాకు గుర్తు లేదు. వచ్చేటప్పుడు నేను ఆ పిల్లతో ఏమన్నానో తెలుసా? "ఎంత ఓపికమ్మా నీకు!" అన్నాను. మెచ్చుకున్నాననే అనుకున్నాను. అప్పటికి పాతికేళ్లుగా శ్రామిక స్త్రీల హక్కుల గురించి ఊరూరా మాట్లాడుతున్నదాన్ని. బీడీలు చుట్టేవాళ్ల వేళ్లు చూశాను, నాట్లు వేసేవాళ్ల పాదాలు చూశాను. నా ఎదురుగా నాలుగు గంటలు నిలబడ్డ పిల్ల కాళ్లు మాత్రం చూడలేదు. ఓపిక అని మనం పేరు పెట్టేవాటిలో ఎన్ని నిజానికి బలవంతాలో!

అందుకే కేరళ గురించి గొప్పగా చెప్పుకుని ఊరుకోవాలని ఇది రాయడం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో వెయ్యిమంది పురుషులకు 1084 మంది స్త్రీలున్నారు. అక్షరాస్యతలో దేశానికే ముందు నిలిచిన రాష్ట్రం. అంత చదువున్న చోట కూడా స్త్రీలు ఒక కుర్చీ కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. చట్టం వచ్చాక కూడా స్టూలు మీద అట్టపెట్టెలున్నాయి. నిజానికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 44వ సెక్షను చెప్పింది. దుకాణం ఫ్యాక్టరీ కాదు గనుక ఆ మాట కౌంటరు దాకా రావడానికి కేరళలో మరో 70 ఏళ్లు పట్టింది.

చట్టం రావడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం మరో ఎత్తు అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటంతో 1993లో సారా నిషేధం సాధించుకున్నాం. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించేశారు. కాగితం మీద ఉన్న హక్కును రోజూ వాడకపోతే అది కాగితానికే మిగిలిపోతుంది. కూర్చునే హక్కును వాడటమంటే కూర్చోవడమే. ఉద్యోగం పోతుందన్న భయంతో ఉన్న ఒంటరి పిల్ల ఆ పని చెయ్యలేదు. పక్కన తోడుండాలి. పెణ్‌కూట్టు అన్న పేరులోనే ఆ మాట ఉంది.

చీకటి పడ్డాక సముద్రం ఒడ్డుకు వెళ్లాం. వందేళ్లు దాటిన పాత వంతెన స్తంభాలు నీళ్లలో మొండిగా నిలబడి ఉన్నాయి. ఉప్పునీళ్లలో నానేసిన ఉసిరికాయలు, మామిడి ముక్కలు అమ్మే బండ్ల చుట్టూ జనం. చేతిలో సంచులతో, దుకాణాలు కట్టేశాక వచ్చినట్టున్నారు, నలుగురు ఆడవాళ్లు గట్టు మీద చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఏమీ మాట్లాడుకోవడం లేదు. నేను ఆ ఊళ్లో ఏం చూశానని అడిగితే ఆ చాపిన కాళ్లు చూశానని చెబుతాను.

మరి మన సంగతి? విజయవాడ బీసెంట్ రోడ్డులో, హైదరాబాదు కోఠిలో, మన మన ఊళ్ల బజార్లలో వచ్చే మూడు నెలలూ ఒక పని చేద్దాం. ఏ దుకాణానికి వెళ్లినా కౌంటరు వెనక స్టూలుందా, దానిమీద మనిషి కూర్చుంటోందా, పెట్టెలున్నాయా చూద్దాం. పనివాళ్లకు బాత్‌రూము ఎక్కడుందో యజమానినే అడుగుదాం. అమ్మే పిల్లను అడిగి ఆమెను ఇబ్బంది పెట్టొద్దు. కొనేది మనమే గనుక మన ప్రశ్నకు అతను జవాబు చెప్పక తప్పదు. చూసింది రాసి పంపండి. వచ్చే సంచికలో అన్నీ కలిపి వేద్దాం. అవి చేతపట్టుకునే కార్మికశాఖ అధికారుల దగ్గరికి వెళ్దాం.

దానికంటే ముందు చెయ్యవలసింది ఇంకొకటుంది. తిరిగొచ్చిన మర్నాడు మా ఆఫీసులో మీటింగు. హక్కుల మీదే చర్చ. అందరం గుండ్రంగా కూర్చున్నాం. టీ తెచ్చిన ఆయమ్మ ఖాళీ కప్పుల కోసం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎన్నేళ్లుగా అలా నిలబడుతోందో లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. లేచి ఒక కుర్చీ తెచ్చి వేశాను. "వద్దులేమ్మా, నాకు అలవాటే" అంది. ఆ అలవాటు ఆమెకు చేసింది మనమే. మరో రెండు మీటింగులు పట్టింది ఆమె ఆ కుర్చీలో కూర్చోవడానికి.