ఉగాది తోరణాల కన్నా ముందు ఒక చిన్న లెక్క

బరంపురంలో మన సంఘం ఉగాది ఏర్పాట్ల మీటింగు ఆదివారం ఉంది. దీపాల అలంకరణకి ఎంత, ఫ్లెక్సీలకి ఎంత అని చర్చ మొదలయ్యే ముందు ఒక మాట చెప్పాలి. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

పోయిన ఉగాదికి హాల్లో వచ్చిన కాలిన వాసన చాలామందికి గుర్తుండే ఉంటుంది. కిటికీలు తెరిచి కార్యక్రమం నడిపించేశాం. పక్క గదిలో పిల్లలు డాన్సుకి తయారవుతున్నారు. మర్నాడు ఎక్స్‌టెన్షన్ బాక్సు చూస్తే ప్లగ్గు పిన్ను దగ్గర ప్లాస్టిక్ కరిగిపోయి ఉంది.

ఆ బాక్సు 6 ఆంపియర్లది. మనం తగిలించింది 1500 వాట్ల కెటిల్ ఒకటి, 500 వాట్ల హేలోజన్ లైట్లు రెండు. మొత్తం 2500 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 11 ఆంపియర్లు. అంటే మోయగలిగిన దానికి దాదాపు రెట్టింపు బరువు ఎత్తాం.

"సామాన్లు పెరిగితే నిరోధం పెరిగి కరెంటు తగ్గాలి కదా?" అని ఒక పెద్దాయన అడిగారు. ఒకదాని వెనక ఒకటి కలిపితే ఆయన మాట నిజమే. బాక్సులో అన్నీ పక్కపక్కన, సమాంతరంగా ఉంటాయి. ఒక్కో ప్లగ్గు కరెంటుకి ఇంకో దారి తెరుస్తుంది. కెటిల్ ఒక్కటే ఉంటే నిరోధం 35 ఓములు. మూడూ కలిస్తే 21 ఓములే.

ఇక వేడి సంగతి. కరెంటుని కరెంటుతో గుణించి, దాన్ని నిరోధంతో గుణిస్తే వేడిగా పోయే వాట్లు వస్తాయి. 10 మీటర్ల సన్న వైరుకి రానూపోనూ అర ఓము అనుకోండి. 11 ఆంపియర్లకి వైరులోనే 60 వాట్లు. కరెంటు సగమైతే 15 వాట్లే. పైగా వైరుని చుట్ట విప్పకుండా కుర్చీ కింద పెట్టాం, వేడి బయటికి పోయే దారి లేదు. వదులైన పిన్ను దగ్గర ఓములో పదోవంతు నిరోధం ఉన్నా చాలు, శనగగింజంత చోట 12 వాట్లు. ప్లాస్టిక్ కరగదా మరి?

ఫ్యూజు రెండుసార్లు పోయింది. మూడోసారి మనవాళ్ళే లావు తీగ చుట్టారు. వద్దని చెప్పలేదు, నాదీ తప్పే.

"అవన్నీ ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు" అంటారు. ఆయన వైరింగు ఒకసారి చేసి వెళ్ళిపోతాడు. ప్రతి పండక్కీ ప్లగ్గులు గుచ్చేది మనమే.

అందుకే నా అభిప్రాయం ఇది. అలంకరణ డబ్బులో కొంత తీసి కెటిల్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో, ఎర్తుతో, విడిగా 16 ఆంపియర్ల పాయింటు, దానికి తగిన ఎంసీబీ వేయిద్దాం. ప్రతి 6 ఆంపియర్ల బాక్సు మీదా "మొత్తం 1380 వాట్లు దాటరాదు" అని తెలుగులో, ఒడియాలో రాయిద్దాం. ఆ లెక్క మన పదో తరగతి పిల్లల చేతే వేయిద్దాం. బళ్ళో ఒడియాలోనో ఇంగ్లీషులోనో నేర్చుకున్న పాఠాన్ని హాల్లో తెలుగులో పెద్దవాళ్ళకి వాళ్ళే చెప్తారు.

తోరణం నాలుగు దీపాలు తగ్గినా పండగ పండగే. ఆదివారం తప్పకుండా రండి, ఈ విషయం తేల్చుకుందాం.