గాయం నేరమా?

కిందటేడు ఒక బాలికల హాస్టల్‌కి వెళ్లాను. ఆ వారమే తొమ్మిదో తరగతి అమ్మాయి చేతిమీద తనే చేసుకున్న గాయాలు బయటపడ్డాయట. ప్రార్థన దగ్గర అందరిచేతా చేతులు చాపించి తనిఖీ చేశారు. ఆమె తండ్రిని పిలిపించి టీసీ ఇచ్చేశారు. "మిగతా పిల్లలు చెడిపోతారు కదా మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్. ఏమైందమ్మా అని ఆ పిల్లని ఎవరైనా అడిగారా అన్నాను. జవాబు లేదు.

ఆడపిల్లకి టీసీ ఇవ్వడమంటే ఏమిటో మనకి తెలుసు. చదువు ఆగుతుంది, సంబంధాలు చూస్తారు. వేధించేవాడు ఇంట్లోనే ఉంటే పిల్లని వాడికే అప్పజెప్పినట్టు. దీనికి క్రమశిక్షణ అని పేరు!

తనను తాను గాయపరచుకునే ప్రతి పిల్లా చావు కోరుకోదు. చాలామంది భరించలేని బాధని కాసేపు తట్టుకోవడానికి అలా చేస్తారు. అయినా తేలిగ్గా తీసుకోకూడదు, ముందుముందు ప్రాణాపాయం వాళ్లకే ఎక్కువ. "నాటకాలు" అని కొట్టిపారేస్తే ఆ పిల్ల మానదు, దాచడం నేర్చుకుంటుంది.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఇందులో "బోధనేతర" అన్న మాటని మనం గట్టిగా పట్టుకోవాలి. రాత్రి పదింటికి ఏడుస్తున్న పిల్లని చూసేది కౌన్సిలర్ కాదు, ఆయమ్మ.

ఆమెకి నేర్పవలసింది బ్రహ్మవిద్య కాదు. గాయానికి ముందు వైద్యం చేయించాలి. తిట్టకుండా, కంగారుపడకుండా వినాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకూడదు, వెంటనే డాక్టరుకి చూపించాలి. ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యకూడదు. ఎవరికి, ఎందుకు చెప్పాలో ఆ పిల్లతోనే మాట్లాడాలి. టెలిమానస్ నంబరు 14416 గోడమీద ఉంటే చాలదు, ఫోన్ పిల్లలకి అందాలి.

నేను వార్డెన్లని తప్పుపట్టడం లేదు. ఏం జరిగినా ముందు సస్పెండయ్యేది వాళ్లే. ఆ భయమే పిల్లమీద కోపంగా మారుతోంది. అందుకే మన సంఘాలు ప్రతి హాస్టల్లో రెండు ప్రశ్నలు వెయ్యాలి: ఈ ఏడాది శిక్షణ ఎవరికి ఇచ్చారు? గాయపడిన పిల్ల ఇప్పుడు ఏ తరగతిలో ఉంది?