చిన్న ట్రాక్టరు కిరాయి సేవ: గంటల లెక్కే అసలు పెట్టుబడి

పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి, నేడు ములుగు జిల్లాకు చెందిన పాలంపేట రామప్ప గుడి వల్ల లోకానికి తెలిసిన గ్రామం. రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన ఈ ఆలయానికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. సేద్యం చేసేవారికి మాత్రం ఈ ఊరు కాకతీయుల నాటి రామప్ప చెరువు వల్ల పరిచయం. చెరువు కింద వరి, నీరందని భూముల్లో పత్తి, మిరప వంటి పంటలు ఈ ప్రాంతపు సాగు. యాత్రికుల రాకతో వసతి గృహాల ఆవరణలు, పచ్చిక మైదానాలు, పూలతోటల నిర్వహణ అనే కొత్త పని కూడా ఇలాంటి ఊళ్లకు చేరువవుతున్నది. ఈ పరిస్థితిలో తోటపని తెలిసిన ఒక యువకుడు చిన్న ట్రాక్టరు కొని, తానే యజమానిగా, తానే డ్రైవరుగా కిరాయి సేవలు ప్రారంభిస్తే నిలబడగలడా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

నిలబడగలడు. అయితే అది ట్రాక్టరు హార్స్‌పవర్‌పైన గాని, దానిపై లభించిన రాయితీపైన గాని ఆధారపడదు. ఏడాదిలో ఆ యంత్రం ఎన్ని గంటలు కూలి తెచ్చే పనిలో ఉంటుందన్నదే నిర్ణాయకం. ప్రోత్సాహక పథకాలు యంత్రం కొనుగోలుకు తోడ్పడుతున్నంతగా ఈ గంటల పెంపుదలకు తోడ్పడకపోవడమే నేటి లోపం.

ఒక నమూనా లెక్కను పరిశీలిద్దాం. 20 హార్స్‌పవర్ లోపు ట్రాక్టరు, రోటవేటరు, గడ్డి కోత యంత్రం, ఇతర పనిముట్లు కలిపి 6 లక్షల రూపాయలు అవుతాయనుకుందాం. పదేళ్ల తరువాత పదో వంతు ధర పలుకుతుందనుకుంటే ఏటా తరుగుదల 54 వేలు. సగటు పెట్టుబడిపై 10 శాతం వడ్డీ 33 వేలు. బీమా, షెడ్డు వగైరాలకు 13 వేలు. బండి కదిలినా కదలకపోయినా ఏటా లక్ష రూపాయల స్థిర వ్యయం తప్పదు. డీజిలు, ఆయిలు, మరమ్మతులు, యజమాని స్వంత శ్రమ విలువ కలిపి గంటకు 475 రూపాయలుగా తీసుకుంటే, ఏడాదికి 250 గంటలు నడిచే బండికి గంట ఖర్చు 875 రూపాయలు. 500 గంటలు నడిస్తే 675, 800 గంటలు నడిస్తే 600 రూపాయలు. ధరలు మారినా ఈ లెక్కలోని పోకడ మారదు.

ఇందులో దాగిన మరొక ఖర్చు రోడ్డు మీద గడిచే కాలం. 500 గంటలలో నాలుగో వంతు పొలానికీ పొలానికీ మధ్య ప్రయాణంలోనే పోతే కూలి వచ్చేవి 375 గంటలే. అప్పుడు గంటకు 900 రూపాయలు తీసుకుంటేనే ఖర్చు గిట్టుతుంది. కాబట్టి పిలిచిన ప్రతి ఊరికీ పరుగెత్తడం కంటె దగ్గరి గ్రామాల్లోనే పని కూడగట్టుకోవడం మేలు. ఒకే దారిలోని నలుగురు రైతుల పనిని ఒకే రోజుకు కుదుర్చుకోవడం కూడా ఒక నైపుణ్యమే. జర్మనీలోని బవేరియాలో 1958లో మొదలైన యంత్ర సహకార మండలుల బలం ఇక్కడే ఉన్నది. యంత్రాలు రైతులవే, ఎవరికి ఎప్పుడు ఏ యంత్రం కావాలో చూసి కుదిర్చే వ్యవస్థ మాత్రం ఉమ్మడిది.

గంటలు పెరగాలంటే పనుల క్యాలెండరు కావాలి. వానాకాలం, యాసంగి నాట్ల ముందు దమ్ము పని ఉంటుంది గాని, అక్కడ పెద్ద ట్రాక్టర్లతో పోటీ తీవ్రం. చిన్న ట్రాక్టరుకు అసలు అనువైన చోట్లు వేరు: పత్తి సాళ్ల మధ్య అంతరకృషి, మామిడి, ఆయిల్‌పామ్ తోటల్లో చెట్ల నడుమ కలుపు నివారణ, పెద్ద బండి తిరగలేని మూల మడులు. నాట్ల హడావుడి లేని నెలల్లో పచ్చిక కోత, మొక్కలకు గుంతలు తీయడం, ఆవరణల చదును వంటి పనులు ఆదాయాన్ని నిలుపుతాయి. తెలంగాణలో 2015 నాటి వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఒక హెక్టారు మాత్రమే కావడం కూడా చిన్న యంత్రానికి అనుకూలమైన అంశం.

అయితే పల్లె ప్రగతి కార్యక్రమం కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు ఇదివరకే సమకూరాయి. చెత్త తరలింపు, మొక్కలకు నీరు పోయడం వంటి పనుల్లో ప్రైవేటు వ్యక్తికి చోటు తక్కువ. ఆ బండితో పోటీపడటం కంటె, దానికి లేని రోటవేటరు, గడ్డి కోత, గుంతలు తీసే పనిముట్లతో దానికి పూరకంగా నిలవడం వివేకం.

మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది నేల గురించి. ఏటా ఒకే లోతులో రోటవేటరు తిప్పితే పైమట్టి పొడిపొడిగా మారి, కింద గట్టి పొర ఏర్పడుతుంది. లోతు దుక్కి చిన్న ట్రాక్టరుకు తగిన పని కాదని రైతుకు చెప్పగలిగినవాడే మరుసటి ఏడాది మళ్లీ పిలుపు అందుకుంటాడు. రెండవది చట్టం గురించి. వ్యవసాయ యంత్రాలను సాగుకు అద్దెకివ్వడంపై జీఎస్టీ లేదు. వసతి గృహాల తోటపనికి ఆ మినహాయింపు వర్తించదు, కాకపోతే సేవల మొత్తం ఏటా 20 లక్షలు దాటనంతవరకు సాధారణంగా నమోదు అవసరం ఉండదు. వ్యవసాయ వాహనంగా నమోదైన ట్రాక్టరును ఇతర పనులకు వాడినప్పుడు ప్రమాదం జరిగితే బీమా పరిహారం వివాదంలో పడవచ్చు గనుక, పాలసీ షరతులను ముందే చూసుకోవాలి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిర్మాణాలు నిషిద్ధం, ఆపై 200 మీటర్ల వరకు నియంత్రితం. కాబట్టి రామప్ప పరిసరాల్లో మట్టి కదిలించే పనికి పురావస్తు శాఖను సంప్రదించకుండా పూనుకోరాదు. మూడవది ప్రాణరక్షణ గురించి. ఒంటరిగా పనిచేసేవాడికి పీటీఓ షాఫ్టుపై కవచం లేకపోయినా, గట్టు మీద బండి బోల్తా పడినా ఆదుకునేవారు దగ్గర ఉండరు. అతడు మంచాన పడితే వ్యాపారమే ఆగిపోతుంది, అప్పు వాయిదా మాత్రం ఆగదు.

ప్రభుత్వ తోడ్పాటు లేకపోలేదు. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం అద్దె యంత్ర కేంద్రాలకు రాయితీ ఇస్తున్నది. 2020లో ఏర్పడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి అర్హమైన రుణాలపై 3 శాతం వడ్డీ రాయితీ కల్పిస్తున్నది. వీటిని మంజూరు చేసేటప్పుడు యంత్రాల కొటేషన్‌తో పాటు పన్నెండు నెలల పనుల ప్రణాళికను, సేవా పరిధిని కూడా అడగడం సమంజసం. వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి సంస్థలు స్థానిక పంటల వారీగా ట్రాక్టరు పని గంటల పట్టికలను రూపొందించి అందిస్తే ఆ ప్రణాళికకు ఆధారం దొరుకుతుంది. బ్యాంకు వాయిదాలు నెలనెలా కాక, కూలి డబ్బు చేతికందే కాలాలకు అనుగుణంగా ఉండటం మరింత ఉపకరిస్తుంది.

ఊరిలో మరొక ట్రాక్టరు చేరినంత మాత్రాన యాంత్రీకరణ పెరిగినట్లు కాదు. ఏడాదిలో అధికకాలం షెడ్డులో నిలిచే యంత్రం యువకునికి అప్పును, రైతుకు అధిక కిరాయిని మాత్రమే మిగుల్చుతుంది. కొనుగోలుకు ముందే గంటల లెక్క వేసుకున్నవానికి చిన్న ట్రాక్టరైనా జీవనాధారం కాగలదు.